చంపిందెవరో పేపర్లోనే చెప్పేస్తే ఇక టీవీ ఎందుకండీ?

సంపాదకులు గారికి,

నమస్కారమండి.

మాది రాజోలు. మీ పత్రిక మా గుమ్మంలో పడటం మొదలై పాతికేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో మీకు ఒక్క ఉత్తరం రాయలేదు. ఏటిగట్టు సంగతి రాయవయ్యా అన్నారు మావాళ్ళు, రాయలేదు. కొబ్బరికాయ ధర పడిపోయినప్పుడు రాయమన్నారు, అప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది మీ శుక్రవారం సినిమా పేజీ గురించి. ఆ పేజీలో కింద కుడిపక్కన, ఈ వారం ఏ యాప్‌లో ఏ సినిమా వచ్చిందో ఒక పెట్టె కట్టి వేస్తారు చూడండి, దాని గురించి. అందులోనూ దెయ్యాల సినిమాలకీ, హంతకుడెవరో వెతికే సినిమాలకీ మీరు రాసే నాలుగు ముక్కల గురించి.

జరిగింది చెబుతాను. పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున్న మా ఇంటావిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మీ పేజీ చదువుతోంది. ఆవిడకి పైకి చదివే అలవాటు. మర్నాడు రాత్రికి మేం చూద్దామని పెట్టుకున్న సినిమా పేరు ఆ పెట్టెలో కనబడింది. పేరు నేను చెప్పను, చెబితే మీరు చేసిన పనే నేనూ చేసినట్టు. మొదటి వాక్యంలో ఊరు. రెండో దాంట్లో చావు. మూడో దాంట్లో ముగ్గురు అనుమానితులు. బాగానే ఉంది. నాలుగో వాక్యంలో, హంతకుడు తన సొంత ఫలానా అని తెలిశాక హీరో ఏం చేశాడన్నది మిగతా కథ అని రాశారు. నేను ఫలానా అన్నచోట మీరు చుట్టరికం అచ్చేశారండి. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "అయితే చంపింది ఆయనా?" అని నా మొహంలోకి చూసింది, నేనే రాయించినట్టు.

శనివారం రాత్రి చూశాం. రెండుంబావు గంటలు ఆవిడ ఆ పాత్ర వచ్చినప్పుడల్లా "ఇదిగో వచ్చాడు" అంటూనే ఉంది.

నాకింత కోపం ఎందుకంటే, ఇది నా వృత్తి. 1985 నుంచి 2011 దాకా, 26 ఏళ్ళు, రాజోల్లో వీడియో కేసెట్లు అద్దెకిచ్చాను. తర్వాత సీడీలు, డీవీడీలు. పదడుగుల కొట్టు. అందులో వెయ్యికి పైగా కేసెట్లు. కేసెట్లు బెజవాడ నుంచి రైల్లో నరసాపురం వచ్చేవి. అక్కణ్ణుంచి పంటు మీద గోదారి దాటించి సఖినేటిపల్లిలో దింపుకుని, బస్సులో కొట్టుకి. అవి అసలువా నకళ్ళా అని మీరు ఇప్పుడు అడక్కండి, అప్పుడు ఎవరూ అడగలేదు.

ఆ రోజుల్లో మా వైపు వాళ్ళకి దెయ్యాల సినిమా అంటే ప్రాణం. రాత్రికి కలర్ టీవీ, వీసీపీ అనే కేసెట్లు ఆడించే మెషిన్, మూడు కేసెట్లు అద్దెకిస్తే రిక్షాలో పెట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు. వీధంతా చాపలేసుకుని కూర్చునేది. ఆ మూడింటికీ ఒక వరస ఉండేది, అది నేనే చెప్పి పంపేవాణ్ణి. మొదట పిల్లలకీ పెద్దలకీ పనికొచ్చే కుటుంబ సినిమా. పిల్లలు నిద్రపోయాక రెండోది, దెయ్యం. మూడోది భక్తి సినిమా కానీ కామెడీ కానీ. ఎందుకంటే మూడో సినిమా అయ్యాక జనం చీకట్లో ఇళ్ళకి నడిచి వెళ్ళాలి కదండీ. ఒకసారి ఒక కుర్రాడు నా మాట వినకుండా దెయ్యాన్ని ఆఖర్న వేశాడు. వాళ్ళ లంకలో ఆ రాత్రి ఎవరూ ఇళ్ళకి పోలేదు. తెల్లారేదాకా చాపల మీదే.

కేసెట్ మనిషి గుట్టు బయటపెట్టేది. ఈ సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. తిరిగిచ్చేటప్పుడు రివైండ్ చేసి ఇమ్మంటే ఎవరూ చేసేవాళ్ళు కాదు, చూడటం ఎక్కడ ఆపారో టేపు అక్కడే ఆగి ఉండేది. ఎడమ చక్రానికి ఎంత టేపుందో, కుడి చక్రానికి ఎంతుందో కిటికీలోంచి కనబడుతుంది కదా. చెల్లెలికి జ్వరం వచ్చింది, సగంలో ఆపేశాం అనేవారు. టేపు చూస్తే సరిగ్గా దెయ్యం అద్దంలో కనబడే చోట ఆగి ఉండేది. పదిమంది కస్టమర్లలో నలుగురికి అదే చోట చెల్లెలికి జ్వరం వచ్చేది! ఇక జనం వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ చూసిన చోట టేపు అరిగి తెల్లటి గీతలు పడేవి. అలా గీతలు పడ్డాయంటే అక్కడ సినిమా బాగుందన్నమాట. ఏ రివ్యూ చదవాల్సిన పనుండేది కాదు నాకు.

వాటి మీద నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కేసెట్ వీపు మీద ఎర్ర పెన్సిల్‌తో చుక్కలు. ఒక చుక్క అంటే లైటు వేసుకుని చూడొచ్చు. రెండు చుక్కలంటే ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. మూడు చుక్కల కేసెట్ పెరటి చివర మరుగుదొడ్డి ఉన్న ఇంటికి ఇచ్చేవాణ్ణి కాదు. నవ్వకండి, అప్పట్లో అందరివీ పెరటి చివరే. కడుపుతో ఉన్నవాళ్ళ ఇంటికీ మూడు చుక్కలు పంపలేదు. చుక్కల అర్థం నేను ఎవరికీ చెప్పలేదు గానీ నెల తిరక్కుండా ఊరందరికీ తెలిసిపోయింది. కాలేజీ కుర్రాళ్ళు "బాబాయ్, మూడు చుక్కలది ఉందా?" అని వచ్చేవారు.

హత్యల సినిమాలకి చుక్కలు పనికిరావు, వాటికి మాట కావాలి. కథ చెప్పకుండా కథ చెప్పాలి. మా గోదారివాడే, పసలపూడి వంశీ గారు, 1985లో అన్వేషణ తీశారు. అది అద్దెకిచ్చేటప్పుడు నేను చెప్పేది ఇంతే: "అడవిలో వరసగా చావులు. పులి పనంటారు. పులి పనేనా అన్నదే సినిమా. పాటలు ఇళయరాజావి." ఇంకేం కావాలండీ మనిషికి? నా కొట్లో ఎక్కువసార్లు అరిగి, నకలు మార్చాల్సి వచ్చిన మిస్టరీ అదే. ఒక రిటైరైన మేష్టారు మాత్రం కేసెట్ చేతిలోకి తీసుకునే ముందు "చంపిందెవరో చెప్పు, నాకు బీపీ ఉంది, టెన్షన్ పడలేను" అనేవారు. ఆయనకి చెప్పేవాణ్ణి. తప్పు పేరు. మర్నాడు కేసెట్ తిరిగిస్తూ చూసే చూపు ఉండేది చూడండి, అయినా మళ్ళీ వచ్చి మళ్ళీ అదే అడిగేవారు. ఆయనకి ఆ ఆట నచ్చిందని నా అనుమానం.

మధ్యలో ఒక్క మాట. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కొట్టు పైకప్పు లేచిపోయింది. కేసెట్లన్నీ నానిపోయాయి. మామూలు వానాకాలంలోనే టేపు అంచున పిండి చల్లినట్టు తెల్లగా బూజు పట్టేది, బీరువాలో నలభై క్యాండిల్ బల్బు వెలిగించి కాపాడేవాణ్ణి. ఈసారి బల్బుకి కరెంటేది? నెల రోజులు చీకటి. మళ్ళీ కొట్టు తెరిచాక ఆరు నెలల దాకా దెయ్యం సినిమా అడిగినవాడు లేడు. ఊరూరా శవాలు చూసి వచ్చిన జనం. అందరూ కామెడీలే అడిగారు. చుక్కల పెన్సిల్ మళ్ళీ వేసవిలో తీశాను.

తర్వాత డిస్కులొచ్చాయి. 2007లో మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి తెచ్చారు. నేనూ తెచ్చి అమ్మాను. ఇంత తక్కువకి సొంతంగా కొనుక్కోవడానికే దొరుకుతుంటే అద్దెకెవరు వస్తారు? ఇంకో నాలుగేళ్ళు లాగి మూసేశాను. అదంతా వేరే కథ.

ఇప్పుడు మా అల్లుడు పెద్ద టీవీ కొనిపెట్టాడు. యాప్‌లు వేసిచ్చాడు. నా కొట్లో వెయ్యి కేసెట్లుంటే ఈ రిమోట్‌లో లెక్కలేనన్ని. కానీ గల్లాపెట్టె వెనకాల మనిషి లేడు. ఇది చూడండి, ఇది మీకొద్దు, ఇది పిల్లలు పడుకున్నాక పెట్టండి అని చెప్పేవాడు లేడు. ఆ మనిషి పని ఇప్పుడు మీ పేపరు చెయ్యాలి. అందుకే ఈ ఉత్తరం.

ఎలా రాస్తే బాగుంటుందో ఊరికే విమర్శించి వదిలెయ్యను, చేసి చూపిస్తాను.

కిష్కింధపురి ఉంది. 2025 సెప్టెంబరులో హాళ్ళకి వచ్చి, మరుసటి నెలలో జీ5లోకి వచ్చింది. దాని గురించి నేనైతే ఇలా చెబుతాను: "దెయ్యాలున్నాయని పేరుపడ్డ చోట్లకి జనాన్ని తీసుకెళ్ళి చూపించడమే ఒక జంటకి పని. ఒకసారి పాడుబడ్డ రేడియో స్టేషన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ మాత్రం ఉంది." అయిపోయింది. రెండు చుక్కలు. చప్పుళ్ళు ఎక్కువ, సౌండు కాస్త తగ్గించుకోండి. రేడియో వింటూ పెరిగినవాళ్ళకి ఆ గొంతు వినబడే చోట్లు ఇంకాస్త పట్టుకుంటాయి. నాకు పట్టుకున్నాయి.

మసూద సంగతి. 2022 నవంబరులో విడుదల, డిసెంబరులో ఆహాలోకి. "తల్లీ కూతురూ ఒక ఫ్లాటులో. పక్క ఫ్లాటులో ఒక కుర్రాడు. కూతురు నిన్నటి కూతురులా లేదు." సంగీత తల్లిగా, తిరువీర్ ఆ కుర్రాడిగా చేశారు. రెండున్నర గంటలు దాటుతుంది, మొదటి గంట ఓపిక పట్టాలి. పట్టినవాడికి మూడు చుక్కలు. ఆ సినిమా చూస్తున్న రాత్రే మా పెరట్లో ఎండు కొబ్బరి మట్ట రేకు మీద పడింది. కోనసీమలో ఉండేవాడికి సౌండ్ ఎఫెక్టులు వేరే అక్కర్లేదండి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు వింటున్నాను, అయినా ఆ రాత్రి లేచి వెళ్ళి చూడలేదు. తెల్లారాకే చూశాను.

భ్రమయుగం, మమ్ముట్టిది. మలయాళం, 2024 ఫిబ్రవరిలో వచ్చింది, మర్నెలలో సోనీ లివ్‌లో పెట్టారు. మొత్తం నలుపు తెలుపు. మీ పెట్టెలో ఈ ఒక్క ముక్క రాయలేదు. మా పక్కింటి పెద్దాయన టీవీలో రంగులు పోయాయనుకుని సినిమా మధ్యలో ఆపి మెకానిక్‌కి ఫోన్ చేశారు. మెకానిక్ వచ్చి, అతనూ కూర్చుని ఆఖరుదాకా చూసి, డబ్బులు తీసుకోకుండా వెళ్ళాడు. దాన్ని నేనిలా చెబుతాను: "ఎప్పుడో పాతకాలం. అడవిలో దారితప్పిన ఒక పాటగాడు పెద్ద పాడుబడ్డ ఇంటికి చేరతాడు. ఇంటి యజమాని అన్నం పెట్టి, పాచికలాడదామంటాడు." పాచికల దగ్గర ఆపెయ్యాలి. ఇంట్లో మనుషులు ముగ్గురంటే ముగ్గురు. చుక్కలు ఎన్నంటే చెప్పలేను. అరిపించే భయం కాదది, మెల్లగా మోకాళ్ళ దాకా ఎక్కే వరద నీళ్ళ లాంటిది.

ఇక కిష్కింధ కాండం. పేరు చూసి మొదటి దానితో కలిపేసుకోకండి, మా ఆవిడ కలిపేసుకుంది. ఇది మలయాళం, 2024 సెప్టెంబరు. దెయ్యాలు లేవు. "ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పగించమన్నారు. మాజీ సైనికుడైన పెద్దాయన తుపాకీ ఇంట్లో కనబడటం లేదు. చుట్టూ అడవి, కోతులు." ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పినా పాపం. తండ్రిగా విజయరాఘవన్, కొడుకుగా ఆసిఫ్ అలీ. ఆ పెద్దాయన మొహం చూస్తూ కూర్చుంటే చాలు. నేను రెండుసార్లు చూశాను. మిస్టరీ సినిమాకి నా కొలత అదే: చంపిందెవరో, పోయిందేమిటో తెలిశాక కూడా మళ్ళీ చూడబుద్ధి కావాలి. రెండోసారి కూర్చోబెట్టలేని సినిమాలకి మీరు నాలుగు స్టార్లు ఇస్తున్నారు.

పొలిమేర గురించి మీ వాళ్ళు రాసింది చదివి నాకు నవ్వొచ్చింది. మొదటి భాగం, మా ఊరి పొలిమేర, 2021 డిసెంబరులో హాళ్ళకి వెళ్ళకుండా నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. రెండోది 2023 నవంబరులో హాళ్ళలో ఆడి, తర్వాత ఆహాలోకి వచ్చింది. అంటే మొదటి భాగం ఒక కొట్లో, రెండో భాగం ఇంకో కొట్లో. ఈ సంగతి చెప్పకుండా రెండో భాగం మాత్రం పెట్టెలో వేస్తే, నేరుగా అదే పెట్టుకున్నవాడికి మొదటి భాగం గుట్టంతా పది నిమిషాల్లో రట్టయిపోదా? పైగా చేతబడి అని రాయాల్సిన చోట బాణామతి అని రాశారు. బాణామతి తెలంగాణ వైపు మాట. మా వైపు చిల్లంగి అంటారు. దయ్యాల విషయంలోనైనా ఏ ప్రాంతం మాట ఆ ప్రాంతానికి వదలండి.

ఇప్పుడు చీకటి. భయపెట్టే సినిమాకి చీకటే పెట్టుబడి. ఆ చీకటి మా ఇళ్ళకి వచ్చేసరికి చెడిపోతోంది. మీరు గమనించారో లేదో, రాత్రి సీన్లో గోడ మీద నీడ మెల్లగా చిక్కబడాలి కదా, దాని బదులు మెట్లు మెట్లుగా, ముగ్గుపిండి గీతల్లా చారలు పడతాయి. మూలల్లో గళ్ళు గళ్ళుగా కదులుతుంది. దెయ్యం ఎక్కడుందో చూడబోతే ఆ గళ్ళే దెయ్యంలా ఉంటాయి. దీనికి కారణం డిస్కులు అమ్మిన వాడిగా నాకు తెలుసు. డీవీడీ తర్వాత వచ్చిన బ్లూరే డిస్కులో బొమ్మ కోసమే సెకనుకి 40 మెగాబిట్ల సమాచారం దాకా వాడుకోవచ్చు. పాత డీవీడీలో 9.8 దాకా. ఇంటర్నెట్‌లో హెచ్‌డీ బొమ్మకి 5 ఉంటే చాలంటారు. కుదించే పద్ధతులు అప్పటికంటే చాలా మెరుగయ్యాయి, కాదనను, పట్టపగలు సీన్లో తేడా తెలియదు. కానీ కుదించేటప్పుడు ముందు కోత పడేది చీకటి మీదే, అక్కడ కంటికి తెలియదులే అన్న లెక్కతో. పూలూ పచ్చని చేలూ బాగుంటాయి. స్మశానమే పాడవుతుంది.

కొంత మన చేతిలోనూ ఉంది. కొత్త టీవీలు షాపు దీపాల కింద మెరవాలని విపరీతమైన వెలుగు పెట్టి పంపిస్తారు. సెట్టింగుల్లోకి వెళ్ళి సినిమా మోడ్ పెట్టుకుంటే చారలు కొంత తగ్గుతాయి. మాటలు వినబడక సౌండు పెంచితే ఒక్కసారిగా తలుపు ధడేలుమని గుండె జారిపోతోందని మా ఆవిడ గొడవ. చాలా టీవీల్లో నైట్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే పెద్ద చప్పుళ్ళు తగ్గి మాటలు పైకొస్తాయి. ఇవి మీ పెట్టెలో ఒకసారి రాస్తే ఎంతమందికి ఉపయోగం చెప్పండి. హీరోయిన్ చీర రంగు కంటే ఉపయోగం.

పిల్లల సంగతి మాత్రం కోపంగానే రాస్తున్నాను. 2021లో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం యాప్‌ల్లో ప్రతి సినిమాకీ వయసు గుర్తు ఉండాలి: అందరూ చూడదగ్గవి, 7 దాటినవాళ్ళవి, 13 దాటినవాళ్ళవి, 16 దాటినవాళ్ళవి, ఆపైన పెద్దలవి. తెర మీద పైమూల రెండు క్షణాలు కనబడి పోతుంది, మా వయసువాళ్ళకి అందదు. సంక్రాంతికి మా మనవడు వచ్చాడు, తొమ్మిదేళ్ళు. మీ పెట్టెలో "కుటుంబమంతా కలిసి చూడొచ్చు" అని ఉందని వాడితో కలిసే చూశాం. అది 16 గుర్తు ఉన్న సినిమా అని తర్వాత వాళ్ళమ్మ చూసి చెప్పింది. వాడు వెళ్ళేదాకా చీకటి పడితే అమ్మ కొంగు వదల్లేదు. వాళ్ళమ్మ నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా ఉంది. 26 ఏళ్ళు ఊరందరి పిల్లల విషయంలో జాగ్రత్తపడ్డవాణ్ణి, సొంత మనవడి దగ్గర పేపరుని నమ్మి చెడ్డాను. ఆ వయసు అంకె సినిమా పేరు పక్కన వెయ్యడానికి మీకు పట్టే చోటెంతండీ, రెండక్షరాలు.

ఇంకా కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. తెలుగు మాటలున్నాయా, కింద అక్షరాలేనా అన్నది రాయండి, మా ఆవిడ కూర తరుగుతూ చూస్తుంది, చదువుతూ చూడలేదు. తెలుగు మాటలున్నా, సినిమాలో ఉత్తరమో డైరీయో చూపించి అందులోనే కీలకం పెట్టి, ఆ అక్షరాలు మలయాళంలోనో అరవంలోనో వదిలేసినవి ఉంటాయి. మిస్టరీ మొత్తం ఆ కాగితంలో ఉంటే మేం గుడ్లప్పగించి చూడటమే. అలాంటివి గుర్తుపట్టి చెప్పండి. యాప్‌కి కట్టిన డబ్బు కాక విడిగా అద్దె కట్టాలా అన్నదీ రాయండి. కొన్నిచోట్ల అద్దె కట్టి మొదలుపెట్టాక 48 గంటల్లో ముగించాలి. నేను 24 గంటలే ఇచ్చేవాణ్ణి కాబట్టి ఆ విషయంలో మాట్లాడను.

డిస్కులు పోయాయని నాకు మరీ అంత బెంగ లేదు గానీ, పూర్తిగా పోలేదని కూడా మీ పాఠకులకి తెలియాలి. విదేశాల్లో దెయ్యాల సినిమాల పిచ్చివాళ్ళు ఇప్పటికీ డిస్కులే కొంటారు. మన హిందీ రామ్‌సే సోదరుల సినిమాల్ని మోండో మకాబ్రో అనే విదేశీ సంస్థ శుభ్రం చేసి బ్లూరే పెట్టెగా తెచ్చింది. ఆ సినిమాల కేసెట్లు నా కొట్లో మూడు చుక్కలవి. అమెరికా నుంచి మా మేనల్లుడు బ్లూరే డిస్కు ఒకటి తెచ్చాడు, అది ఇక్కడి మెషిన్‌లో ఆడలేదు. బ్లూరే లెక్కలో అమెరికాది 'A' అనే ప్రాంతం, మనది 'C' అనే ప్రాంతం, అక్కడికే అని తాళం వేసిన డిస్కు ఇక్కడ తెరుచుకోదు. కొనేవాళ్ళు అట్ట వెనక గుర్తు చూసుకుని కొనండి. 2022 మే ఆఖర్న మా జిల్లాలో ఇంటర్నెట్ ఆపేసిన రోజుల్లో మా వీధిలో సినిమా నడిచింది మా ఇంట్లోనే, పాత డీవీడీలతో. చాపలు మళ్ళీ పడ్డాయి. మూడు సినిమాలు అదే వరసలో వేశాను.

ఉత్తరం పెద్దదయింది. మీరు కత్తిరిస్తారని తెలుసు. కత్తిరిస్తే పంటు, బూజు, నా కొట్టు సంగతులు తీసెయ్యండి, చుక్కల పద్ధతి మాత్రం ఉంచండి. కావాలంటే మీ పెట్టె పక్కన ఎర్రచుక్కలు వాడుకోండి, నాకు పైసా ఇవ్వక్కర్లేదు. మీ దగ్గర రాసే కుర్రాడో అమ్మాయో ఎవరో గానీ రాసేది చదివించేట్టుగానే రాస్తారు. నాలుగో వాక్యం దగ్గర కలం కింద పెట్టమని చెప్పండి చాలు.

ఈ శనివారం రాత్రికి కూడా ఒక సినిమా అనుకున్నాం. హత్య సినిమా. మీ శుక్రవారం పేపరు వచ్చేలోగా, గురువారమే చూసేద్దామంటోంది మా ఇంటావిడ.

ఇట్లు,
ఒకప్పటి వీడియో కొట్టు బాబాయ్,
రాజోలు, కోనసీమ జిల్లా